తొడ ఎముకను చదివి కోసే చోటు: భీమవరంలో ఒక మోకాలి శస్త్రచికిత్స సేవపై సమీక్ష

మోకాలి కీలు మార్పిడి గురించి గోదావరి జిల్లాల రోడ్ల పక్కన కనిపించే ఫ్లెక్సీలు దాదాపుగా మూడు సంగతులే చెబుతాయి: కీలు ఏ దేశం నుంచి వచ్చింది, రోగిని ఎంత త్వరగా నడిపిస్తారు, రోబో ఉందా లేదా. తొడ ఎముక కొనకు తొడిగే లోహపు భాగాన్ని ఏ కోణంలో తిప్పి కూర్చోబెడతారు, ఆ కోణాన్ని ఎముక మీది ఏ గుర్తులను బట్టి నిర్ణయిస్తారు అన్న సంగతి ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. మా పెద్దక్కయ్యకు ఒక మోకాలు ఒక చోట, రెండవది మరొక చోట ఆపరేషన్ జరిగిన తీరును దగ్గరుండి చూసినవాడిగా, ఒక ఆసుపత్రికి అసలు గీటురాయి ఆ కోణమేనని నా అభిప్రాయం. ఈ సమీక్ష భీమవరంలోని ఒక మధ్య తరహా ఎముకల ఆసుపత్రిలో మాకు అందిన సేవ గురించి. ఆసుపత్రి పేరును, డాక్టరు గారి పేరును కావాలనే రాయడం లేదు. నేను మెచ్చుకునేదీ, తప్పుపట్టేదీ పని జరిగిన పద్ధతిని కాబట్టి, ఆ పద్ధతిని వివరంగా చెబితే చదివినవారు తాము వెళ్లే డాక్టరును అదే ప్రశ్న అడగగలుగుతారు.

మా అక్కయ్యది నరసాపురం పక్కన ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతారు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని, ఒడిలో దారపు ఉండ పెట్టుకుని, వెలుతురు ఉన్నంతసేపూ సూది ఆడిస్తూనే ఉంటారు. అక్కయ్య పెళ్లయి వచ్చిన నాటి నుంచి అదే పని చేశారు. అరవై దాటేసరికి కీళ్లవాతమూ, అరుగుదలా కలిసి రెండు మోకాళ్లనూ పాడుచేశాయి, అయితే రెండింటినీ ఒకే తీరుగా పాడుచేయలేదు. ఎడమది మనవాళ్లలో ఎక్కువగా కనిపించే దొడ్డికాలు. కుడిది అందుకు వ్యతిరేకంగా మోకాలి దగ్గర లోపలికి వంగి, నడిచేటప్పుడు ఎడమ మోకాలిని రాసుకునేది. ఎదురుగా నిలబడి చూస్తే రెండు మోకాళ్లూ ఒకే పక్కకు ఒరిగినట్టు కనిపించేవి. తర్వాత జరిగినదంతా ఈ తేడాలోంచే పుట్టింది.

కుడి మోకాలు ఎక్కువ బాధపెడుతున్నందున ముందుగా దానికి ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రిలో కీలు మార్పించారు. కాలు నిటారుగా వచ్చింది, కుట్లు చక్కగా మానాయి, అందరమూ సంతోషించాము. కానీ కుర్చీలోంచి లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప బయటి పక్కకు జరిగి టక్కుమని వెనక్కు వచ్చేది, ఆ క్షణంలో అక్కయ్య గోడ పట్టుకుని నిలబడిపోయేవారు. మళ్లీ తీసుకువెళితే ఎక్స్‌రే తీసి, కీలు బ్రహ్మాండంగా ఉందని, వ్యాయామం సరిగ్గా చేయకపోవడమే కారణమని చెప్పి పంపించారు. ఎక్స్‌రే బాగున్న మాట నిజమే. ఎదుటి నుంచి తీసిన ఎక్స్‌రేలో కాలు పక్కకు వంగిందా లేదా అన్నది తెలుస్తుంది, పక్క నుంచి తీసినదానిలో భాగం ముందుకో వెనక్కో ఒరిగిందా అన్నది తెలుస్తుంది. ఆ లోహపు భాగం తొడ ఎముక నిడివి చుట్టూ ఎటు తిరిగి ఉన్నదీ ఆ రెండింటిలోనూ నమ్మదగినట్టుగా తేలదు. అది తేలాలంటే ఎముకను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా చూపించే సీటీ స్కాన్ కావాలి. ఆ స్కాన్ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.

కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని కాబట్టి ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. తొడ ఎముక కింది కొనను వెనుక నుంచి చూస్తే రెండు గుండ్రని ఉబ్బులు కనిపిస్తాయి. లోపలి కాండైల్, బయటి కాండైల్ అని వాటిని పిలుస్తారు. ఎముక ముందు వైపు ఆ రెండూ కలిసి మధ్యలో ఒక గాడిగా ఏర్పడతాయి. మోకాలు వంగి సాగే ప్రతిసారీ చిప్ప ఆ గాడిలోనే పైకీ కిందికీ నడుస్తుంది. బావి గిలక ఏమాత్రం పక్కకు తిరిగి ఉన్నా చేదతాడు గాడి మధ్యన నిలవక ఒక అంచును ఒరుసుకుంటూ నడుస్తుంది, ఒక్కొక్కసారి గిలక దాటి పడిపోతుంది. తొడ ఎముకకు తొడిగిన లోహపు భాగం లోపలి వైపుకు తిరిగి ఉంటే చిప్ప విషయంలో జరిగేది సరిగ్గా అదే. దానితోపాటు మోకాలు వంచినప్పుడు కీలులో లోపలి పక్క బిగుసుకుపోయి, బయటి పక్క వదులవుతుంది. అందుకే ఇటువంటి రోగులకు మోకాలు బిగుతుగా ఉన్నట్టూ అనిపిస్తుంది, నమ్మి బరువు వేయలేనట్టూ అనిపిస్తుంది. ఈ రెండు ఫిర్యాదులూ ఒకేసారి చెప్పేసరికి, వినేవారికి ముసలావిడ ఏదో చాదస్తంగా మాట్లాడుతున్నట్టు తోస్తుంది.

అసలు లోహపు భాగాన్ని కొంచెం బయటికి తిప్పి ఎందుకు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు కింది ఎముకలో ఉంది. కాలి ఎముక పై తలం సహజంగా లోపలి వైపుకు సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆపరేషన్‌లో సర్జన్లు సాధారణంగా ఆ వాలును ఉంచకుండా, ఎముక నిడివికి లంబంగా కోస్తారు. కింద ఆ 3 డిగ్రీలు పోయినప్పుడు, మోకాలు 90 డిగ్రీలు వంచితే రెండు ఎముకల మధ్య ఖాళీ ఇరుపక్కలా సమానంగా ఉండడానికి పైన తొడ ఎముక దగ్గర కూడా సుమారు 3 డిగ్రీలు సర్దుకోవాలి. వెనుక కాండైల్లు రెండింటినీ తాకుతూ గీసిన గీత నుంచి 3 డిగ్రీలు బయటికి తిప్పి కోయాలనే అలవాటు అలా వచ్చింది. చాలా కంపెనీల పరికరాల పెట్టెల్లో ఆ కోణం ముందే బిగించిన జిగ్, అంటే కోతకు దారి చూపే చట్రం, ఉంటుంది. దాని రెండు పాదాలను కాండైల్ల వెనుకకు ఆనించి, రంధ్రాల్లో పిన్నులు కొట్టి, కోత దిమ్మను బిగిస్తే పని త్వరగా అవుతుంది. మామూలు మోకాలిలో ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది కూడా.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆనించిన కాండైలే పొట్టిదైనప్పుడు. మోకాలు లోపలికి వంగిన కాళ్లలో బయటి కాండైల్ తరచుగా సరిగా ఎదగక చిన్నదిగా ఉంటుంది, పైగా అరిగి ఉంటుంది. అప్పుడు వెనుక గీతే లోపలికి తిరిగి ఉంటుంది. తిరిగి ఉన్న గీత నుంచి 3 డిగ్రీలు సర్దితే ఎముకకు చేయవలసిన సర్దుబాటు పూర్తిగా జరగదు. అందువల్ల సర్జన్లు మరో రెండు గుర్తులను వెతుకుతారు. మొదటిది ఎపికాండైల్ల అక్షం. కాండైల్లకు పైన, ఇరుపక్కలా స్నాయువులు అంటుకునే గట్టులు ఉంటాయి. బయటి గట్టు శిఖరాన్ని, లోపలి గట్టు మధ్యలో ఉండే చిన్న పల్లాన్ని కలిపే గీత అది. మోకాలు వంగేది దాదాపు ఆ గీత చుట్టూనే. 1993లో బెర్గర్ అనే సర్జన్ బృందం ఈ గీతకూ వెనుక కాండైల్ల గీతకూ మధ్య కోణాన్ని కొలిచి, సగటున పురుషులలో 3.5 డిగ్రీలు, స్త్రీలలో 0.3 డిగ్రీలు అని ప్రకటించింది. సగటులోనే అంత తేడా ఉన్నప్పుడు అందరికీ ఒకే జిగ్ ఎలా సరిపోతుందన్న సందేహం పాఠకులకు రావడం సహజం. రెండవది ముందు గాడి లోతైన చోటు నుంచి కాండైల్ల మధ్య గుంట నడిమికి గీసే గీత. 1995లో వైట్‌సైడ్, అరిమా అనే ఇద్దరు, మోకాలు లోపలికి వంగిన రోగుల విషయంలోనే దీని ఉపయోగాన్ని చూపించారు. ఇప్పటికీ దానిని వైట్‌సైడ్ గీత అంటారు. ఎపికాండైల్ల అక్షానికి ఇది సుమారుగా లంబంగా ఉంటుంది కనుక ఒకదానితో మరొకదానిని సరిచూసుకోవచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ తిరుగులేనిది కాదు. ఎపికాండైల్ల గట్టుల మీద కండ, కొవ్వు, పొర కప్పి ఉండడం వల్ల ఆపరేషన్ బల్ల దగ్గర వేలితో తడిమి చెప్పే చోటు సర్జన్ సర్జన్‌కూ మారుతుంది. లోపలి పల్లం కొందరిలో స్పష్టంగా ఉండదు. ముందు గాడి పుట్టుకతోనే లోతు తక్కువగా ఉన్నవారిలో, లేదా అరిగిపోయినవారిలో వైట్‌సైడ్ గీత కూడా దారి తప్పిస్తుంది. కాబట్టి ఒక గుర్తును పట్టుకుని కోసేవారికీ, మూడింటినీ చూసి అవి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఆగి ఆలోచించేవారికీ తేడా ఉంది. భీమవరం ఆసుపత్రికి నేను మంచి మార్కులు వేస్తున్నది ఆ ఆగడం చూసి.

మొదటి రోజు ఓపీలో డాక్టరు గారు ఎక్స్‌రేలను చూసి పక్కన పెట్టి, అక్కయ్యను బల్ల అంచున కూర్చోబెట్టి, కాలు నెమ్మదిగా సాచమన్నారు. తన అరచేతిని చిప్ప మీద తేలికగా ఉంచి, అది ఎక్కడ పక్కకు జరుగుతున్నదో గమనించారు. "మామ్మగారూ, ఇది మీ వ్యాయామం తప్పు కాదండి" అన్న మాట వినగానే అక్కయ్య నా వైపు తిరిగి, "విన్నావా తమ్ముడూ" అన్నారు. అంతకు ముందు నెలల తరబడి ఆవిడ విన్నదంతా నిందే. తర్వాత డాక్టరు గారు సొరుగులోంచి ప్లాస్టిక్ తొడ ఎముక నమూనా తీసి, మార్కర్ పెన్‌తో వెనుక గీత ఒకటి, పక్క గట్టులను కలుపుతూ ఒకటి, ముందు గాడిలో ఒకటి గీసి చూపించారు. ఆ నమూనా మీద పాత గీతలు సగం సగం చెరిగి కనిపిస్తున్నాయి. అంటే ఈ పాఠం రోజూ జరుగుతున్నదే. చూసే రోగుల సంఖ్య ఎక్కువగా ఉండే చోట ఒక్కొక్కరికి ఇంత సమయం ఇవ్వడం తేలిక కాదని నాకు తెలుసు.

సీటీ స్కాన్ ఆ ఆసుపత్రిలో లేదు, బయటి స్కానింగ్ కేంద్రానికి పంపారు. ఫిల్ములు తెచ్చిన తర్వాత కంప్యూటరు తెర మీద డాక్టరు గారు మా ముందే కొలిచారు. ఎపికాండైల్లు రెండూ కనిపించే పొరను ఎంచుకుని ఒక గీత, లోహపు భాగం వెనుక అంచులను కలుపుతూ మరొక గీత గీస్తే, రెండింటి మధ్య కోణం సుమారు 5 డిగ్రీలు వచ్చింది, అదీ లోపలి వైపుకు. మొదటి ఆపరేషన్‌లో మామూలు 3 డిగ్రీల జిగ్ వాడి ఉంటే, అక్కయ్య కుడి తొడ ఎముకలో సహజంగా ఎపికాండైల్ల గీతకూ వెనుక కాండైల్ల గీతకూ మధ్య దాదాపు 8 డిగ్రీలు ఉండి ఉండాలని, అందులో 3 సర్దగా మిగిలిన 5 ఇదేనని ఆయన లెక్క కట్టారు. ఇది ఊహేనని, పాత ఆసుపత్రి ఆపరేషన్ నోటులో కోణం ప్రస్తావనే లేదు కాబట్టి రుజువు చేయలేమని కూడా ఆయనే అన్నారు. కాలి ఎముక మీది భాగం సరిగానే కూర్చుని ఉంది. కాండైల్ల మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కొక్క డిగ్రీకి ఇరుపక్కల కోతల్లో తేడా మిల్లీమీటరుకు కాస్త తక్కువ. 5 డిగ్రీలంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. రంపం పట్టుకున్న చేతికి అది చిన్న కొలతే, చిప్పకు మాత్రం చిన్నది కాదు. 1998లో బెర్గర్ తదితరులు పైభాగం, కిందిభాగం కలిపి లోపలికి తిరిగిన కోణం 1 నుంచి 4 డిగ్రీలుంటే చిప్ప బయటి పక్కకు ఒరగడం, 3 నుంచి 8 ఉంటే పాక్షికంగా జారడం, 7 నుంచి 17 ఉంటే పూర్తిగా తప్పిపోవడం లేదా చిప్పకు అమర్చిన కృత్రిమ భాగం విఫలం కావడం చూశామని రాశారు. అక్కయ్య ఇబ్బంది ఆ మధ్య వరుసలోనిది.

చిప్ప బయటి వైపు పొరను కోసి వదులు చేస్తే సరిపోదా అని నేను అడిగాను, ఎందుకంటే అది చిన్న ఆపరేషన్. గాడి తిరిగి ఉన్నంతకాలం పొర వదులు చేసినా వంచినప్పటి బిగుతూ వదులూ పోవని, కారణం అలాగే ఉండిపోతుందని డాక్టరు గారు చెప్పారు. తొడ ఎముకకు తొడిగిన లోహపు భాగాన్ని తీసి కొత్తది అమర్చడమే నిర్ణయం. ఈ రివిజన్ ఆపరేషన్‌లో వెనుక భాగాన లోపలి పక్క మరికొంత ఎముకను కోయాలి, బయటి పక్క అంతకుముందే ఎక్కువ పోయి ఉంటుంది కనుక ఆ ఖాళీలో ఒక లోహపు దిమ్మను చేర్చాలి, పట్టు కోసం ఎముక లోపలికి దిగే కాడ ఉన్న భాగాన్ని వాడాలి. ఇవన్నీ ముందుగానే కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. ఇన్‌ఫెక్షన్ లేదని రక్తపరీక్షలతో, కీలులోని నీటి పరీక్షతో నిర్ధారించుకున్న తర్వాతే తేదీ ఇచ్చారు. ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది. నొప్పి ఉన్న కృత్రిమ కీలులో ముందుగా కొట్టిపారేయవలసిన అనుమానం అదే.

కుడి మోకాలు కుదుటపడిన తర్వాత ఎడమ మోకాలికి అదే ఆసుపత్రిలో మొదటిసారి కీలు మార్పిడి జరిగింది. పద్ధతి ఎంత తెరిచిన పుస్తకంలా సాగిందో అప్పుడు ఇంకా బాగా తెలిసింది. ఎడమ తొడ ఎముకలో ఎపికాండైల్ల గీతకూ వెనుక గీతకూ మధ్య కోణం స్కాన్‌లో సుమారు 2 డిగ్రీలే వచ్చింది. అంటే ఒకే మనిషి రెండు తొడ ఎముకల్లో ఒకదానికి ఆయన లెక్క ప్రకారం 8, మరొకదానికి 2. ఆపరేషన్ మరునాడు రౌండ్లకు వచ్చినప్పుడు డాక్టరు గారు తన ఫోన్‌లో థియేటర్‌లో తీసిన ఫొటో చూపించారు. గాడిలో పై నుంచి కిందికి, కాల్చే కరెంటు పరికరంతో గీసిన సన్నని నల్లని గీత, దానికి అడ్డంగా రెండు పిన్నులు, కింద జిగ్. పిన్నులు గీతకు లంబంగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకుంటారట. ముందు తలాన్ని కోసిన తర్వాత కనిపించే ఆకారాన్ని కూడా సర్జన్లు ఒక సాక్ష్యంగా చూస్తారు. దానికి వారు గ్రాండ్ పియానో గుర్తు అని పేరు పెట్టుకున్నారు. మన వైపు పియానో చూసినవారు తక్కువ కాబట్టి ఆకారమే చెబుతాను: బయటి పక్క ఎత్తుగా, లోపలి పక్క పొట్టిగా, మధ్యలో పల్లంగా ఉండాలి. రెండు పక్కలా ఒకే ఎత్తు కనిపిస్తే భాగం లోపలికి తిరిగిందేమోనని అనుమానించాలి. చివరకు అంతా అమర్చాక, చిప్పను బొటనవేలితో ఆపకుండానే మోకాలు వంచి, అది గాడి మధ్యలోనే నడుస్తున్నదని చూసి కుట్లు వేశారు.

డిశ్చార్జి కాగితాలకు జతచేసిన ఆపరేషన్ నోటులో ఇవన్నీ రాసి ఉన్నాయి: ఏ గుర్తులు చూశారు, వెనుక గీతకు ఎన్ని డిగ్రీలు బయటికి తిప్పారు, 90 డిగ్రీల వద్ద ఇరుపక్కల ఖాళీ ఎంత, చిప్ప నడక ఎలా ఉంది. కీలు పెట్టెల మీది స్టిక్కర్లు, సీరియల్ నంబర్లతో సహా, అదే కాగితం మీద అతికించారు. మొదటి ఆసుపత్రి నోటులో ఇదంతా కలిపి ఒక్క వాక్యం. నా దృష్టిలో ఈ సేవలో అత్యంత విలువైన వస్తువు ఆ నోటే. రేపు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, ఆయన ఊహలతో మొదలుపెట్టనక్కరలేదు.

రోబో గురించి ఒక మాట. ఈ ఆసుపత్రిలో రోబో లేదు, ఆ కారణంతో మా బంధువులు కొందరు పెదవి విరిచారు. రోబో కోత ఖచ్చితత్వాన్ని పెంచుతుందన్నది నిజమే. కానీ అది ఏ గీతను ఆధారంగా తీసుకోవాలో దానికి చెప్పేది సీటీ స్కాన్ మీద గుర్తులు పెట్టే మనిషో, ఆపరేషన్ బల్ల దగ్గర పాయింటర్‌తో ఎముకను తాకి చూపించే సర్జనో. గుర్తు తప్పు పెడితే యంత్రం ఆ తప్పునే అతి ఖచ్చితంగా కోస్తుంది. మరొక సంగతి కూడా నిష్పక్షపాతంగా చెప్పాలి. కైనమాటిక్ అలైన్‌మెంట్ అనే పద్ధతిని అనుసరించే సర్జన్లు లోహపు భాగాన్ని బయటికి తిప్పరు. అరిగిన మృదులాస్థి మందాన్ని లెక్కలో వేసుకుని, వెనుక కాండైల్లకు సమాంతరంగానే పెడతారు, కాలి ఎముకను కూడా దాని సహజమైన వాలులోనే కోస్తారు. అది వేరే సిద్ధాంతం, దానికి దాని తర్కం ఉంది. ఒక సిద్ధాంతపు కింది కోతను, మరొక సిద్ధాంతపు పై కోతను ఆలోచన లేకుండా కలిపినప్పుడే రోగి నష్టపోతాడు.

ధర విషయం త్వరగా ముగిస్తాను. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ సాధారణ కోబాల్ట్ క్రోమియం మోకాలి కీలుకు పన్ను కాకుండా 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది, నియంత్రణ ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ కొనసాగింది. ఈ ఆసుపత్రి బిల్లులో కీలు ధర, గది, థియేటర్, మందులు విడివిడిగా ఉన్నాయి, అడిగితే కీలు ఇన్‌వాయిస్ కూడా చూపించారు. రివిజన్ ఖర్చు మొదటి ఆపరేషన్ కంటే బాగా ఎక్కువ. కాడ, దిమ్మ వంటి అదనపు భాగాల వల్ల అది తప్పదు. మొదటిసారే కోణం సరిగ్గా కుదిరి ఉంటే ఈ డబ్బు మిగిలేదన్న బాధ మాత్రం మాలో ఉండిపోయింది.

లోపాలు లేకపోలేదు. స్కానింగ్ చీటీ మీద కేవలం మోకాలు సీటీ అని రాసి పంపారు. ఎపికాండైల్ల ఎత్తులో పలుచని పొరలు కావాలని, లోహం వల్ల వచ్చే మసకను తగ్గించే పద్ధతి వాడాలని అందులో రాయకపోవడంతో మొదటి స్కాన్ పనికిరాకుండా పోయింది. మళ్లీ తీసినప్పుడు స్కానింగ్ కేంద్రం వారు డబ్బు తీసుకోలేదు కానీ, నరసాపురం నుంచి ఆ కాలితో మళ్లీ రావడం అక్కయ్యకు నరకం. ఇంత పద్ధతిగా ఆలోచించే చోట ఆ నాలుగు ముక్కలు ముందే అచ్చు వేయించుకుని ఉంచుకోవచ్చు. అంగీకార పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. డాక్టరు గారు తెలుగులో ఎంత చక్కగా వివరించినా, సంతకం పెట్టే కాగితం సంతకం పెట్టేవారికి చదవరాని భాషలో ఉండడం నాకు అన్యాయంగానే తోచింది. ఇక ఆదివారం ఫిజియోథెరపీ లేదు. శనివారం ఆపరేషన్ అయితే మరునాడు రోగిని లేపి నడిపించే మనిషి ఉండరు, నర్సులు చేతనైనంత చేస్తారు. వార్డులో భీమవరపు దోమలకు కొదవ లేదు, పక్కనే మురుగు కాలువ ఉన్న ఊళ్లో అది ఈ ఒక్క ఆసుపత్రి తప్పు కాదనుకోండి.

ఫలితం గురించి చెబితేనే సమీక్ష పూర్తవుతుంది. ఎడమ మోకాలు 120 డిగ్రీల దాకా వంగుతున్నది, మెట్లు దిగేటప్పుడు అక్కయ్య దాని గురించి ఆలోచించనే ఆలోచించరు. కుడి మోకాలిలో చిప్ప జారడం పూర్తిగా ఆగింది, వంచినప్పటి వదులు పోయింది. అయితే రెండు ఆపరేషన్లు జరిగిన కీలు కాబట్టి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతున్నది, చలికాలంలో తెల్లవారుజామున బిగుసుకుంటున్నది. ఈ పరిమితి ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు, దాచలేదు. నేల మీద బాసింపట్టు ఇక కుదరదు. లేసు పని ఎత్తు కుర్చీలో కూర్చుని, పక్కన స్టూలు మీద దారపు ఉండ పెట్టుకుని సాగిస్తున్నారు. ఉండ జారి కింద పడితే మనవరాలిని పిలవవలసి రావడమే ఆవిడకు మిగిలిన ఫిర్యాదు.

అయిదులో నాలుగు మార్కులు వేస్తాను. తీసేసిన ఆ ఒక్కటీ స్కాన్ చీటీకీ, అంగీకార పత్రానికీ. రాజోలు, మలికిపురం వైపు నుంచి చించినాడ వంతెన మీదుగా వచ్చేవారు ఉదయం ఓపీకి పెందరాళే బయలుదేరడం మంచిది, టోకెన్లు త్వరగా అయిపోతాయి. పాత ఆపరేషన్ అయిన కాలైతే ఎక్స్‌రేలతో పాటు ఆ ఆసుపత్రి నోటును, కీలు స్టిక్కర్లను తప్పక తీసుకురండి. అవి లేకపోతే ఏ కంపెనీ కీలు లోపల ఉందో తెలుసుకోవడానికే సమయం పోతుంది, రివిజన్‌కు సరిపడే పరికరాల పెట్టెను తెప్పించడం ఆలస్యమవుతుంది. ఇక్కడ ఆపరేషన్ అయినవారు తమ నోటును డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోవాలి. తర్వాత అడిగితే రికార్డుల గది గుమస్తా సెలవులో ఉన్నాడన్న జవాబు వస్తుంది, మాకు వచ్చింది.